గురువారం బక్కెట్లు

ఉత్తరపు కొసన, మంచు దేశంలో ఉన్న హౌకివారలో ఎవరికైనా చేప కావాలంటే సరస్సు మీదికి పోతారు. హిల్కా ఆవుల కొట్టంలోకి పోతుంది.

సరస్సు దూరమని కాదు. కొట్టం తలుపు దగ్గర నిలబడి బూటు విసిరితే సరస్సు మంచు మీద పడుతుంది. అంత దగ్గర నీళ్ళున్నాయి, నీళ్ళ నిండా చేపలున్నాయి. అయినా ఈవిడ ఒకప్పుడు ఆవులు పడుకున్న చోట తొట్లు కట్టించి, ఆ దేశం దక్షిణాన్నుంచి లారీలో ట్రౌట్ చేపపిల్లల్ని దించుకుని, వాటికి డబ్బిచ్చి మేత కొని మరీ పెంచుతోంది. ఆ లారీ వచ్చిన రోజు ఊరు ఊరంతా రోడ్డు మీదికొచ్చి చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఊళ్ళో మొహం మీద ఎవరూ ఏమీ అనరు. ఇంటికి పోయి, కాఫీ పెట్టుకుని, అప్పుడు అంటారు.

మొహం మీద అనేవాడు ఒక్కడే, ఓయివా. హిల్కా మొగుడు రెయినోకి తమ్ముడు. సరస్సు ఒడ్డునే ఇల్లు, మంచుకి చిల్లి పెట్టి గేలం వేసుకుని కూచోవడమే బతుకు.

"సరస్సు పక్కన చేపల్ని పెంచడమేంటి హిల్కా? రేపు అడవి పక్కన చెట్టు పెంచుతావా?" అన్నాడు ఆ రోజే.

"నీ గేలానికి పడే చేప నీ పిల్లికే చాలదు. ముందు దాని సంగతి చూడు."

"నా పిల్లి సంతోషంగానే ఉంది. నువ్వే ఎప్పుడో ఒకరోజు సరస్సుని బక్కెట్లతో మోసుకొచ్చి కొట్టంలో పోసుకుంటావు, చూస్తూ ఉండు."

ఈ మాట గుర్తు పెట్టుకోండి. వాడు మర్చిపోలేదు.

హిల్కా పందొమ్మిదో ఏట బడి వంటింట్లో బంగాళాదుంపల తొక్క తీయడానికి చేరింది. చేరి నలభై ఏళ్ళు దాటినా ఇంకా తీస్తూనే ఉంది. మధ్యలో రెయినోని పెళ్ళాడింది, ఆవుల్ని పెంచింది, ఆవుల్ని అమ్మేసింది, రెయినోని పూడ్చింది. వీటిలో దేనికీ ఆమె ఏడవగా చూసినవాళ్ళు లేరు. అంతా అయ్యాక మర్నాడు పొద్దున్నే వెళ్ళి బంగాళాదుంపల ముందు కూచుంది. ఆమెకి ఊళ్ళో పేరు మంచి వంటమనిషనీ కాదు, మంచి మనిషనీ కాదు. వేడివేడిగా పెడుతుందని. అంతే. బయట ముక్కులో తడి గడ్డ కట్టే చోట అంతకంటే పెద్ద పేరు ఎవరికీ లేదు.

ఆ వేడికే ఎసరొచ్చింది. తొంభై కిలోమీటర్ల అవతల పట్నంలో కొత్తగా ఒక పెద్ద వంటశాల కట్టారు. కట్టినవాళ్ళకి దాన్ని నింపాలన్న దురద పుట్టింది. చుట్టుపక్కల బడుల్లో వంటిళ్ళన్నీ మూసేసి, అన్నిటికీ అక్కడే వండి, స్టీలు డబ్బాల్లో పోసి, వ్యానులో పంపిద్దామని లెక్క వేశారు. ఆ లెక్కలన్నిటికీ పెద్ద మెర్వి అనే ఆవిడ. బడి భోజనాల అధికారి. మంచి మనిషే. మీటింగుకి ఎప్పుడూ చేతిలో ఏదో ఒక రంగు కాగితం పట్టుకుని, గదిలో అందర్నీ కాస్త చిన్నపిల్లల్ని చూసినట్టు చూసే రకం.

ఆ మీటింగు ఊరి సావడిలో జరిగింది. చివర్లో మెర్వి, "పట్నం వంటశాల ఇవ్వలేనిది ఏదైనా ఈ వంటింట్లో ఉంటే చెప్పండి, తప్పకుండా ఆలోచిద్దాం" అంది. ఉండదన్న ధీమాతోనే అంది. అందరూ నేల చూశారు. ఆ ఊరివాళ్ళు మీటింగులో నేలని ఎంత శ్రద్ధగా చూస్తారంటే, ఆ నేల మీద ఏదో రాసి ఉందనుకోవాలి.

హిల్కా లేచింది.

"చలికాలంలో పచ్చి ఆకూ, అప్పుడే పట్టిన చేపా పెడతా. రెండూ ఇక్కడివే. వచ్చి తిని చూడు."

"ఎక్కడ పండిస్తారు?"

"కొట్టంలో."

వెనక బెంచీ మీద ఎవరో దగ్గారు. ఆ దగ్గు నవ్వని అందరికీ తెలుసు. మెర్వి నవంబరు ఆఖర్లో ఒక గురువారం వస్తానంది. ఆ రోజు భోజనం నచ్చితే వంటిల్లు ఉంటుంది. లేకపోతే క్రిస్మస్ సెలవుల తర్వాత వ్యాను వస్తుంది. అంత తేలిగ్గా ఒక మనిషి నలభై ఏళ్ళని ఒక పూట భోజనానికి కట్టేసి పోయింది.

ఈ పద్ధతి హిల్కా పట్నంలో ఏదో కోర్సుకి పోయి నేర్చుకుంది. అక్కడ తెర మీద బొమ్మలు వేసి చూపించారట. ఎక్కడో ఎండ దేశం, చొక్కా లేని మనుషులు, వేడి నీళ్ళలో బతికే లావుపాటి చేపలు. బయట మైనస్ ఇరవై అయిదు ఉంటే, లోపల ఆ చేపలకి నీళ్ళు కాచమని చెప్పాడట మాస్టారు. హిల్కా కాఫీ విరామంలో లేచి వచ్చేసింది. ఆమెకి కావలసిన ముక్క అప్పటికే దొరికింది. చేపలు నీళ్ళని పాడు చేస్తాయి. ఆ పాడు నీళ్ళని కంకర పరిచిన పెట్టెల్లోకి తోడితే, అక్కడ నాటిన లెట్యూస్ ఆకు ఆ మురికి తిని బలుస్తుంది. బాగుపడ్డ నీళ్ళు మళ్ళీ చేపల దగ్గరికి పోతాయి. చలి నీళ్ళలో బతికే చేప కావాలంటే ట్రౌట్ ఉంది. మిగతాదంతా వాళ్ళ దగ్గర నేర్చుకోవలసిన పని లేదనుకుంది. ఇక్కడే కాస్త తప్పులో కాలేసింది గానీ, ఆ సంగతి తర్వాత.

కొట్టం మాత్రం బాగానే నడిచింది. గోడలకి రంపపు పొట్టు దట్టించింది. ఆవిరి స్నానం చేసే సౌనా గదికీ కొట్టానికీ కలిపి ఒకే పొయ్యి, ఒకే బాయిలరు. దీపాలు పొద్దస్తమానం వెలిగేవి. సూర్యుడు మొహం చాటేసే నెలల్లో ఊళ్ళో అన్నిటికంటే వెలుతురు ఉండే చోటు ఆ కొట్టమే అయింది. మనుషులేమో చీకట్లో బంగాళాదుంపలు తింటుంటే ఆకుకూర వెలుతుర్లో భోగం అనుభవించేది. రెయిన్‌డీర్లు మేపే నిల్లా, పెదవి కింద పొగాకు పెట్టుకుని, ఓసారి తలుపులోంచి తొంగి చూసి, "పైజన్మంటూ ఉంటే నీ కొట్టంలో ఆకునై పుడతా" అన్నాడు. వాడు నెలకి అనే మాటల్లో అదొకటి.

ఇబ్బందల్లా ఒకటే. ఇలా తిరిగిన నీళ్ళు కొన్నాళ్ళకి పులుస్తాయి. నీళ్ళు పులిస్తే ఆకు పాలిపోతుంది. చేపపిల్లలు అమ్మిన దక్షిణాది ముసలాయన, పులుపు విరగ్గొట్టే పొడి ఒకటి ఉంది, చెంచాడు చెంచాడు వెయ్యాలి అని ఫోన్లో చెప్పాడు.

"ఆ పొడిలో ఏముంటుంది?"

"బూడిదలో ఉండేలాంటిదేనమ్మా, కాకపోతే..."

హిల్కా ఫోను పెట్టేసింది. బూడిదట! ప్రతి శనివారం సౌనా కాల్చాక పొయ్యి కింద బక్కెట్టు నిండా మిగిలేది అదేగా? భూర్జ కట్టెల బూడిద, తెల్లగా, మెత్తగా. ఊళ్ళో దాన్ని బంగాళాదుంపల మడికి చల్లుతారు, జారే దారి మీద చల్లుతారు, దొడ్డి గుంటలో చల్లుతారు. పుల్లటి బురద నేలకి బూడిదే మందని ఇక్కడ నడక రాని బిడ్డకి కూడా తెలుసు. ఇంట్లో ఊరికే పడున్నదాన్ని సంచిలో కట్టి అమ్ముతాడా వీడు? అందుకని శనివారం సౌనా అయ్యాక, తల తుడుచుకుంటూ కొట్టంలోకి పోయి, గుప్పెడు బూడిద తొట్లో చల్లేది. ఆకు నల్లగా నిగనిగలాడింది. శరదృతువంతా ఆమె గర్వం కూడా అలాగే నిగనిగలాడింది.

ముసలాయన 'కాకపోతే' తర్వాత ఏం చెప్పబోయాడో మాత్రం ఆమె వినలేదు.

మెర్వి వచ్చే వారం ఆకు మళ్ళీ పాలిపోయింది. నీళ్ళలో రంగు చుక్కలు వేసి చూస్తే బాగా పులుపెక్కాయి. హిల్కాకి కంగారు పుట్టింది. ఆమె కంగారు పడితే కేకలెయ్యదు, ఎవర్నీ పిలవదు, పని ఎక్కువ చేస్తుంది. గుప్పెడుకే అంత నిగనిగలాడింది కదా అనుకుంది. బుధవారం సాయంత్రం బూడిద బక్కెట్టు తీసుకుని, గుప్పెడు గుప్పెడు కాకుండా, మొత్తం బోర్లించేసింది. మడికి వేసినట్టు వేసింది. మడిలో చేపలుండవు మరి.

పులిసిన నీళ్ళలో చేపల మురికిలోని విషం పడుకుని ఉంటుంది. బూడిద పడగానే లేచి కూచుంటుంది. గురువారం పొద్దున హిల్కా దీపాల కింద చూసేసరికి ట్రౌట్లన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరుచుకుని ఆడిస్తున్నాయి. మీటింగులో ఎవరికీ మాట్లాడే అవకాశం రాని మనుషుల్లా ఉన్నాయి. అప్పటికే కొన్ని పక్కకి ఒరిగాయి. ఆమెకి ఒక్క చూపులో అర్థమైంది. ఫోన్లో ఆమె వినని ముసలాయన మాట ఇప్పుడు తొట్టి నిండా తేలుతోంది.

కావలసింది మంచి నీళ్ళు. బోలెడు నీళ్ళు. వెంటనే. ఇంటి బావి మోటారు చలికాలంలో ముసలివాడి ముక్కులా కారుతుంది, అంతకంటే కారదు. ఎదురుగా సరస్సు. సరస్సులో, సౌనాలో చెమట పట్టాక మునగడానికి ఓయివా చలికాలం అంతా తెరిచి ఉంచే మంచుగుంట. బురద నేలల్లోంచి వచ్చే గోధుమరంగు నీళ్ళు, చల్లగా, కాస్త పుల్లగా. ఈ తొట్టికి ఇంతకంటే మందు లేదు. ఆ మందు కోసం ఎవరి గడప తొక్కాలో తలుచుకుని హిల్కా కాసేపు అక్కడే నిలబడింది. చచ్చిపోతున్న చేపల్ని చూసింది. స్టీలు డబ్బాల్ని తలుచుకుంది. పోయి ఓయివా తలుపు కొట్టింది.

"నీ గుంట కావాలి."

ఓయివా కాఫీ కప్పుతో వచ్చాడు. "ఇంత పొద్దున్నే స్నానమా?"

"చేపలు పోతున్నాయి. బూడిద ఎక్కువైంది. నీళ్ళు మార్చాలి."

వాడు కాఫీ తాగాడు. మళ్ళీ తాగాడు. మొహంలో ఏదో పండగ మొదలైంది. "సరస్సు నీళ్ళా?"

"ఆ."

"బక్కెట్లతోనా?"

"నోరు మూసుకుని వస్తావా, రావా?"

"వస్తా, వస్తా. ఇది చూడ్డానికే కదా నేను చావకుండా ఉంది!"

వాడు చెయ్యకుండా ఉండే రకం కాదు. చేస్తూ దెప్పే రకం. నిల్లాని లేపాడు, నిల్లా ఇంకొకర్ని లేపాడు. పిలిస్తే ఊరంతా కలిసి పనికి రావడం అక్కడి అలవాటు. ఎందుకని అడగరు, పనయ్యాక కాఫీ పోస్తారా లేదా అన్నదే చూస్తారు. సౌనా బక్కెట్లు, మేత బక్కెట్లు, పాల క్యాను ఒకటి, బొరియల్లోంచి లేచినట్టు బయటికొచ్చాయి. సరస్సు నుంచి కొట్టం దాకా చీకట్లో వరస కట్టారు. తలదీపాలు ఊగుతున్నాయి, నీళ్ళు ఒలికిన చోటల్లా గడ్డ కడుతోంది. బడి టీచరు ఐలా, వంటింట్లో పొయ్యి వెలగలేదని చూసి, పిల్లలందర్నీ వెంటేసుకుని వచ్చి వరసలో నిలబెట్టింది.

"గురువారం కదా, బఠాణీ సూప్ ఏది?" అన్నాడు ఒక కుర్రాడు. ఆ దేశంలో గురువారం బఠాణీ సూప్ తప్ప వేరేది పెడితే ప్రభుత్వాలు పడిపోతాయని పిల్లల నమ్మకం.

"ఇవాళ చేప" అంది ఐలా.

"గురువారం చేపా!" అని వరస వరసంతా ఏకకంఠంగా మూలిగింది. పెద్దవాళ్ళతో సహా.

హిల్కా వరస చివర తొట్టి దగ్గర నిలబడింది. కింద బిరడా తీసి పాత నీళ్ళు పేడ కాలవలోకి వదులుతూ, పైనుంచి కొత్త నీళ్ళు కొంచెం కొంచెం పోస్తోంది. బక్కెట్టు అందించినప్పుడల్లా ఓయివా ఏదో ఒకటి అంటున్నాడు.

"ఇదిగో, సరస్సు."

ఆమె పోసింది.

"ఇదిగో, ఇంకొంచెం సరస్సు."

పోసింది.

"దీంట్లో నా చేప కూడా ఒకటి వచ్చుంటుంది. లెక్కలో రాసుకో."

"ఓయివా, తొట్లో ముంచేస్తా నిన్ను."

"ముంచు. బూడిద పోసి మరీ ముంచు."

తెల్లారడమంటూ లేని ఆ పొద్దు కాస్త నీలం తిరిగేసరికి చేపలు నోళ్ళు మూసుకుని కిందికి దిగడం మొదలుపెట్టాయి. ఒరిగినవాటిని హిల్కా చావకముందే తీసి, తల మీద కొట్టి, పళ్ళెంలో పడేసింది. అవే మధ్యాహ్నం భోజనం. మిగతావి బతికాయి. పొయ్యి వెలిగించడానికి ఆమె వెనక్కి తిరిగింది. అప్పుడే రోడ్డు మీద కారు ఆగింది. మెర్వి ముందే వచ్చేసింది.

మెర్వి కారు దిగి నిలబడిపోయింది. చీకట్లో తలదీపాల వరస. పిల్లలూ ముసలివాళ్ళూ రెయిన్‌డీర్ల కాపరీ, చేతుల్లోంచి చేతుల్లోకి ఆవిరి లేచే నీళ్ళు. అందరి కనుబొమల మీదా తెల్లటి మంచు. ఆమె కళ్ళు తడయ్యాయి. చలికి కాదు.

"ఇది... ఏంటిది?"

ఎవరూ పలకలేదు. పలికితే బూడిద గురించి చెప్పాలి. అది హిల్కా చెప్పుకోవలసింది.

"ఇలా ఎప్పుడూ చేస్తారా మీరు?"

నిల్లా పొగాకు ఉమ్మాడు. వాడి వేళ్ళు కొంకర్లు పోయాయి, కాఫీ ఇంకా రాలేదు. "ఆ, గురువారం గురువారం" అన్నాడు. అంత పచ్చి ఎగతాళిని పసిపిల్ల కూడా పసిగడుతుంది. కానీ మెర్వి పట్నంలో ఉంటుంది, చదువుకుంది. ఆమెకి మనుషుల మాట కంటే ఆ మాట వెనక ఏదో అందం కనపడుతుంది.

"ప్రతి గురువారమా! సరస్సు నీళ్ళతో! ఊరంతా కలిసి!" ఆమె చేతి తొడుగు పళ్ళతో లాక్కుని ఫోను తీసింది. "అలాగే ఉండండి. ప్లీజ్. బక్కెట్టు ఇంకాస్త పైకి."

ఓయివా బక్కెట్టు పైకెత్తాడు. దరిద్రుడు, నవ్వాడు కూడా.

హిల్కా జన్మలో అబద్ధమాడలేదని కాదు. ఆడింది ఏదైనా తనకోసం ఆడలేదని ఆమె లెక్క. "చూడు మెర్వి, అసలు సంగతేంటంటే..." అని మొదలుపెట్టింది. ఓయివా తన బూటుతో ఆమె బూటు తొక్కాడు. గట్టిగానే తొక్కాడు. చలికి బొటనవేలు పగిలినట్టయింది. ఆమె వాడి మొహం చూసింది. వాడు నవ్వడం లేదు. ఆ మొహంలో రెయినో పోలిక ఎప్పుడూ కనపడనిది అప్పుడు కనపడి ఆమెకి ఒళ్ళు మండింది. నోరు మూసుకుంది.

భోజనానికి సూప్ పెట్టింది. ట్రౌట్, బంగాళాదుంప, పాలు, సోంపు వాసన వేసే ఆకు తుంపులు. పక్కన లెట్యూస్. బూడిద తిని, చలి నీళ్ళు తాగి, ఆ ఆకు వేలాడుతూ ఉంది. సూప్ మాత్రం ఆమె జన్మలో చేసినవాటిలో మంచిది. మెర్వి రెండు చెంచాలు తిని ఫోనులో బొమ్మలు చూసుకుంటూ కూచుంది. ఆకు ముట్టలేదు. నలభై ఏళ్ళ చేతిపని ఆమె ముందు చల్లారిపోయింది. పిల్లలు బఠాణీల కోసం గునుస్తూనే గిన్నెలు నాకేశారు.

నెల తిరక్కుండా కబురొచ్చింది. ఉత్తరం కాదు, ఫోనే. వంటిల్లు ఉంటుంది. ఎందుకంటే హౌకివారలో నీళ్ళు మోసే ఊరి ఆచారం ఒకటి ఉందట. పట్నం వంటశాలకి అది లేదట. "అది కొనసాగినన్నాళ్ళూ" అంది మెర్వి, ఆప్యాయంగా. చేప మాట ఎత్తలేదు. ఆకు మాట ఎత్తలేదు. హిల్కా మాట ఎత్తలేదు.

హిల్కా ఫోను పెట్టేసి, చేతిలో ఉన్న బంగాళాదుంప తొక్క తీయడం పూర్తి చేసింది. తర్వాత ఓయివా ఇంటికి పోయింది.

"వంటిల్లు ఉంటుందట."

"మంచిదేగా."

"బక్కెట్లు మొయ్యాలట. గురువారం గురువారం."

ఓయివా గేలం పక్కన పెట్టాడు. నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. "నిల్లాకి నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

"నువ్వే చెప్పు. వాడి నోటి దూల కదా."

జనవరి నుంచి చూడ్డానికి జనం రావడం మొదలైంది. పక్క మునిసిపాలిటీలవాళ్ళు, ఇంకెక్కడివాళ్ళో, మెడలో పేర్ల బిళ్ళలు వేసుకుని, సన్నటి బూట్లు వేసుకుని. గురువారం పదిన్నరకి మెర్వి వాళ్ళని దారిలో నిలబెడుతుంది. వాళ్ళ వ్యాను వచ్చే ముందు ఐలా ఊళ్ళోవాళ్ళకి ఫోను చేస్తుంది. నిల్లా తిట్టుకుంటూ రెయిన్‌డీర్లని వదిలి వస్తాడు. ఓయివా గుంటలో పేరుకున్న మంచు పగలగొడతాడు. వరస కడతారు. తొట్టికి నీళ్ళు అక్కర్లేదు. మంచి పొడి చెంచాడు చెంచాడు వేస్తోంది హిల్కా, ముసలాయనకి తనే ఫోను చేసి, 'కాకపోతే' తర్వాతి మాట పూర్తిగా విని మరీ. అంత చల్లటి నీళ్ళు ప్రతి వారం పోస్తే చేపలకి జబ్బు చేస్తుంది. అందుకని వచ్చినవాళ్ళకి కనపడకుండా, తొట్టి వెనక, బక్కెట్టు బక్కెట్టూ పేడ కాలవలో పోస్తుంది. ఆ కాలవ తిరిగి తిరిగి సరస్సులోకే పోతుంది.

"ఇదిగో, సరస్సు" అంటాడు ఓయివా, అందిస్తూ.

ఆమె పోస్తుంది.

ఓసారి మెడలో బిళ్ళ ఉన్న కుర్రాడొకడు, చేతులు రుద్దుకుంటూ, "ఇంత చలి నీళ్ళు... చేపలకి అలవాటేనా?" అని అడిగాడు.

"చేపలకి తెలీదు" అంది హిల్కా, బక్కెట్టు వాడి చేతిలో పెడుతూ. "వరసలో నిలబడు. ఆ చివర."

వాడు పోయి నిలబడ్డాడు. వాడి సన్నటి బూట్లు తడిసి, గడ్డ కట్టి, నేలకి అతుక్కున్నాయి. ఊరంతా చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఆ రోజు వంటింట్లో బఠాణీ సూప్ చివరి గిన్నె దాకా అయిపోయింది. వరసలో నిలబడ్డవాళ్ళందరికీ హిల్కా అడక్కుండానే రెండోసారి వడ్డించింది కూడా. అలా వడ్డించడం హౌకివారలో ఎవరూ అంతకుముందు చూడలేదు.